గుమ్మడికాయ క్విక్ బ్రెడ్: డబ్బా గుజ్జా ఇంటి గుజ్జా, నూనెనా వెన్ననా?

గుమ్మడికాయ బ్రెడ్ చేద్దామని నాలుగు రెసిపీలు తెరిస్తే నాలుగూ నాలుగు దారులు చూపిస్తాయి. ఒకదాంట్లో నూనె, ఇంకోదాంట్లో వెన్న. ఒకటి బేకింగ్ సోడా ఒక్కటే చాలంటుంది, మరొకటి దానికి తోడు బేకింగ్ పౌడర్ కూడా వేయమంటుంది. ఒకరు డబ్బా తెరిచి గుజ్జు వేసేస్తే, మరొకరు కాయ కోసి గంటసేపు ఓవెన్‌లో కాల్చమంటారు. ఫొటోలు మాత్రం అన్నిటికీ ఒకేలా ఉంటాయి.

చాలాసార్లు చేసి, కొన్నిసార్లు చెడగొట్టుకున్నాక నాకు తేలింది ఏమిటంటే, ఈ బ్రెడ్‌ను బాగు చేసేవైనా పాడు చేసేవైనా ముఖ్యంగా రెండే. గుజ్జులో నీళ్లెంత ఉన్నాయన్నది ఒకటి. కొవ్వు కింద ఏం వేశారన్నది రెండోది. రెండోదానికి జవాబు మీరు ఈ బ్రెడ్ ఎప్పుడు తింటారన్నదాన్ని బట్టి మారుతుంది. మిగతావన్నీ రుచి, ఓపిక, ఇంట్లో ఏముందన్న లెక్కలు.

పోల్చడానికి ఒక కొలత ఉండాలి కాబట్టి ముందు అది రాసేస్తాను. మైదా 220 గ్రాములు, గుమ్మడి గుజ్జు 240 గ్రాములు, పంచదార 180 గ్రాములు (సగం బ్రౌన్ షుగర్, సగం తెల్లది), నూనె 120 మిల్లీలీటర్లు, గుడ్లు 2, పాలు 60 మిల్లీలీటర్లు, బేకింగ్ సోడా 1 టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, మసాలా పొడులు అన్నీ కలిపి 2 టీస్పూన్లు. తడివన్నీ ఒక గిన్నెలో, పొడివన్నీ ఇంకో గిన్నెలో కలిపి, తర్వాత రెండూ కలిపేసి, 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట అటూఇటూ బేక్ చేయడమే. ఈస్ట్ లేదు, పిండి పిసకడం లేదు, పొంగేదాకా ఎదురుచూడటం లేదు. క్విక్ అన్న పేరు అందుకే. ఓవెన్‌లో ఉండే గంట మాత్రం ఎవరికీ తగ్గదు.

డబ్బా గుజ్జా, ఇంటి గుజ్జా?

ముందు కాయ సంగతి. కావాల్సింది తియ్య గుమ్మడి, లోపల పసుపు లేదా నారింజ రంగు కండ ఉండేది. బూడిద గుమ్మడి దీనికి పనికిరాదు. తియ్య గుమ్మడిలో కూడా బొమ్మలు చెక్కడానికి పెంచే పెద్ద కాయలు వద్దు. వాటిలో పీచు ఎక్కువ, నీళ్లెక్కువ, తీపి తక్కువ. చిన్నగా, పట్టుకుంటే బరువుగా ఉన్న కాయ మంచిది. పొడుగ్గా, సీసా ఆకారంలో ఉండే బటర్‌నట్ స్క్వాష్ దొరికితే ఇంకా మంచిది. డబ్బాల్లో వచ్చే గుజ్జు కూడా చాలావరకు బటర్‌నట్ జాతికి దగ్గరి చుట్టమైన కాయతోనే చేస్తారు. దాన్ని వాడితే మోసం చేసినట్టేమీ కాదు.

నా మొదటి బ్రెడ్ ఇంటి గుజ్జుతోనే చేశాను. కాయ ముక్కలు కోసి నీళ్లలో ఉడికించి, మిక్సీలో వేసి, నేరుగా పిండిలో కలిపేశాను. పైన చక్కగా పొంగింది, పగిలింది, రంగు వచ్చింది. చల్లారాక కోస్తే అడుగున వేలెడు మందాన ముదురు రంగు పట్టీ, నొక్కితే జిగురుగా అంటుకుంటోంది. ఉడకలేదనుకుని మిగతా సగాన్ని మళ్లీ ఇరవై నిమిషాలు ఓవెన్‌లో పెట్టాను. పైపెంకు మాడింది కానీ పట్టీ కదల్లేదు.

తప్పు గుజ్జుది. అంకెలు చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు. డబ్బా గుజ్జులో సుమారు 90 శాతం నీరే. నీళ్లలో ఉడికించి వార్చిన గుమ్మడిలో 94 శాతం దాకా ఉంటుంది. నాలుగు శాతం తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. కానీ తిరగేసి చూడండి: నూరు గ్రాముల డబ్బా గుజ్జులో నీరు కాని పదార్థం 10 గ్రాములు, ఉడికించినదాంట్లో 6 గ్రాములు. నీటిని పట్టి ఉంచేది ఆ పదార్థమే, అది దాదాపు నలభై శాతం తగ్గిపోయింది. పట్టుకునేది లేక నీళ్లు పిండిలో జారి అడుగుకు చేరతాయి. ముక్కలు ఉడికించిన నీళ్లు కూడా మిక్సీలో పోస్తే ఇక చెప్పక్కర్లేదు.

దీనికి మందు వడకట్టడం. పల్చటి నూలు గుడ్డను జల్లెడలో పరిచి, 400 గ్రాముల ఉడికించిన గుజ్జు అందులో వేసి, కింద గిన్నె పెట్టి వదిలేశాను. రెండు గంటల తర్వాత గుడ్డ నాలుగు మూలలు కలిపి మెల్లగా పిండితే గిన్నెలో 150 మిల్లీలీటర్ల పైచిలుకు లేత పసుపు నీళ్లు మిగిలాయి. ఇదంతా నా మొదటి బ్రెడ్‌లోకి వెళ్లిందన్నమాట! గుడ్డలో మిగిలింది 240 గ్రాములకు అటూఇటూ, అంటే సరిగ్గా ఒక బ్రెడ్‌కు సరిపడా. చెంచాతో తీసి బోర్లిస్తే ఒక క్షణం ఆగి ముద్దగా పడాలి, ధారగా కారకూడదు. వడకట్టే ఓపిక లేకపోతే వెడల్పాటి పెనంలో సన్నని మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉంటే నీరు ఎగిరిపోతుంది. పచ్చి వాసన కూడా పోతుంది. చల్లార్చే వాడాలి, వేడిగా పోస్తే గుడ్లు విరుగుతాయి.

అసలు నీళ్లలో ఉడికించకపోవడమే మేలు. కాయను రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, కోసిన వైపు కిందికి పెట్టి 200 డిగ్రీల దగ్గర 45 నిమిషాల నుంచి గంట సేపు కాల్చండి. చాకు గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి. ఇలా చేస్తే నీరు ఓవెన్‌లోనే కొంత ఆవిరవుతుంది, అంచుల్లో తీపి కాస్త ముదురుతుంది. ఆవిరి మీద ఉడికించడం ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

ఇక ఏది ఎంచుకోవాలి? దాల్చినచెక్క, లవంగం దట్టంగా వేసే బ్రెడ్ అయితే డబ్బా గుజ్జే మేలంటాను. ఎప్పుడు చేసినా ఒకే చిక్కదనం ఉంటుంది, గుమ్మడి సొంత రుచి మసాలా కింద ఎలాగూ అణిగిపోతుంది. కాల్చిన గుజ్జుతో పడ్డ శ్రమ కనిపించాలంటే మసాలా సగం తగ్గించాలి. ఊరకే ఇంట్లో చేశామన్న తృప్తి కోసం కాల్చి, తర్వాత నాలుగు రకాల పొడులు గుమ్మరిస్తే శ్రమ వృథా.

డబ్బా కొనేటప్పుడు లేబుల్ చదవండి. వట్టి గుమ్మడి గుజ్జు వేరు, ‘పై’ (pie) అనే తీపి వంటకంలో నింపడానికి అమ్మే ‘పై ఫిల్లింగ్’ వేరు. రెండో దాంట్లో పంచదార, మసాలా ముందే కలిపి ఉంటాయి. డబ్బాల రంగులు, బొమ్మలు ఒకేలా ఉండి చాలామంది పొరబడతారు. మామూలు డబ్బా 425 గ్రాములు ఉంటుంది. ఒక బ్రెడ్‌కు వాడగా మిగిలినదాన్ని ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఇంటి గుజ్జుకూ అదే దారి. ఇంట్లో చేసిన గుజ్జును సీసాల్లో పోసి, మరిగించి సీల్ చేసి బయట నిల్వ పెట్టే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయొద్దు. గుమ్మడిలో పులుపు తక్కువ, గుజ్జు చిక్కన, వేడి మధ్యదాకా సరిగా చేరదు. ప్రాణాంతకమైన బొటులిజం బ్యాక్టీరియాకు అది అనుకూలమైన చోటు.

నూనెనా, వెన్ననా?

ఇక్కడే అసలు వాదన. వెన్న రుచి ముందు నూనె నిలబడదు, అందులో సందేహం లేదు. కానీ ఈ బ్రెడ్‌కు నేను నూనె వైపే.

నూనె అంటే నూటికి నూరు పాళ్లూ కొవ్వు. వెన్నలో కొవ్వు 80 శాతం, నీరు 16 శాతం దాకా, మిగతాది పాల పదార్థం. గది చల్లగా ఉన్నా నూనె ద్రవంగానే ఉంటుంది, వెన్న గట్టిపడుతుంది. ఓవెన్‌లోంచి తీసిన అరగంటకు ముక్క కోసి రెండూ పక్కపక్కన పెడితే వెన్న బ్రెడ్ గెలుస్తుంది. వాసనే చెప్పేస్తుంది. మూడో రోజు అదే పోటీ పెట్టండి. నూనె బ్రెడ్ వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ లేస్తుంది, వెన్నది బిరుసెక్కి పొడి రాలుతుంది. పైగా గుమ్మడి బ్రెడ్ రుచి మర్నాటికే పూర్తిగా తేలుతుంది. మసాలా అంతా పరుచుకోవడానికి ఒక రాత్రి పడుతుంది. మర్నాడు తినాల్సినదాన్ని మొదటి రోజు గెలిచే కొవ్వుతో చేయడం నాకు సబబుగా అనిపించదు.

అయితే మధ్యాహ్నం చుట్టాలొస్తున్నారు, సాయంత్రానికి ముక్క మిగలదు అన్నప్పుడు వెన్నే వేయండి. కరిగించి కాస్త చల్లార్చి, 120 మిల్లీలీటర్ల నూనె బదులు 135 గ్రాముల వెన్న, పాలు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు తగ్గించి. వెన్నలోని నీటి లెక్క అలా సరిపోతుంది. రెండూ కావాలంటే సగం సగం వేసుకోవచ్చు, నాకు తెలిసి అదే చాలామందికి నచ్చుతుంది. నూనె ఏదైనా వాసన లేనిది చాలు.

కొవ్వు తగ్గించాలని కొందరు నూనె మొత్తం తీసేసి బదులుగా ఇంకా గుజ్జు వేస్తారు. చేసి చూశాను, వద్దు. బ్రెడ్ రబ్బరులా సాగుతుంది. మూడో వంతు దాకా తగ్గిస్తే పెద్దగా తెలియదు, అక్కడితో ఆగాలి.

సోడా, పౌడర్

బేకింగ్ సోడా, అంటే వంటసోడా, ఒట్టి క్షారం. గ్యాస్ బాగా వదలాలంటే పులుపు తగలాలి. గుమ్మడి గుజ్జులో కొద్దిగా పులుపుంది, బ్రౌన్ షుగర్‌లో ఉంది, పెరుగు వేస్తే ఇంకా ఉంది. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు పొడి రూపంలో ముందే కలిపి ఉంటుంది. ఇప్పుడు దొరికేవి చాలావరకు తడి తగలగానే ఒకసారి, వేడి తగిలాక ఇంకోసారి పొంగేవి. బేకింగ్ పౌడర్‌ను 1843లో కనిపెట్టిన ఇంగ్లండ్ కెమిస్టు ఆల్ఫ్రెడ్ బర్డ్‌కు కారణం ఇంట్లోనే దొరికింది. ఆయన భార్యకు ఈస్ట్ పడేది కాదు.

బలంలో ఒక టీస్పూన్ సోడా మూడు టీస్పూన్ల పౌడర్‌తో సమానం. కాబట్టి ఒకటి లేదని ఇంకొకటి అదే కొలతలో వేస్తే కుదరదు. తేడా పొంగడంలోనే కాదు, రంగులోనూ ఉంటుంది. సోడా వేసిన బ్రెడ్ ముదురు గోధుమ రంగుకు తిరిగి, కాలిన తీపి రుచి తెచ్చుకుంటుంది, ఎందుకంటే క్షారం ఎక్కువైతే పిండి త్వరగా ఎరుపెక్కుతుంది. పౌడర్ ఒక్కటే 2 టీస్పూన్లు వేస్తే బ్రెడ్ పసుపు పచ్చగా, తేలిగ్గా, నడుమ గుమ్మటంలా లేస్తుంది. నాకు సోడా అర టీస్పూన్, పౌడర్ ఒక టీస్పూన్ కలిపి వేయడం కుదిరింది: రంగూ వస్తుంది, ఎత్తూ వస్తుంది. మొత్తం తెల్ల పంచదారే వాడి, పెరుగు లాంటిదేమీ వేయకపోతే సోడాను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సబ్బు రుచి తగులుతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పొంగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఓవెన్‌లో గబగబా లేచి, పట్టు దొరక్క నడుమ కుంగిపోతుంది.

పౌడర్ పాతదైతే ఒక చెంచా వేడినీళ్లలో వేయండి, బుసబుస పొంగాలి. సోడాకైతే నీళ్ల బదులు వెనిగర్. రెండు నిమిషాల పని, గంట బేకింగ్‌ను కాపాడుతుంది.

పంచదార, పిండి, గుడ్డు

బ్రౌన్ షుగర్, తెల్ల పంచదారల్లో ఏదన్న దానికి చిన్న జవాబు: సగం సగం. బ్రౌన్ తేమను పట్టి ఉంచుతుంది, తెల్లది పైపెంకును కాస్త కరకరలాడిస్తుంది. తీపి తగ్గించాలంటే నాలుగో వంతు దాకా నిశ్చింతగా తగ్గించుకోవచ్చు. అంతకు మించితే తీపితో పాటు మెత్తదనమూ రంగూ పోతాయి. పంచదార తేమను పట్టే సరుకు కూడా అని మరిచిపోతాం.

మైదా బదులు మొత్తం గోధుమ పిండి వేస్తే బ్రెడ్ బరువెక్కుతుంది, చివర్లో చిరుచేదు తగులుతుంది. సగానికి సగం వేస్తే ఎవరూ కనిపెట్టలేరు, మసాలా ఆ చేదును కప్పేస్తుంది. ఒక చెంచా పాలు ఎక్కువ పోసి, పిండి కలిపాక పదిహేను నిమిషాలు ఆగండి. తవుడు నీరు పీల్చుకోవడానికి టైమ్ కావాలి. అలా ఆగాలంటే పౌడర్ కూడా ఉన్న కొలత వాడాలి, సోడా ఒక్కటే అయితే గ్యాస్ సగం గిన్నెలోనే పోతుంది. ఏ పిండైనా తూచి వేయడం మంచిది. కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాముల దాకా వస్తుంది, చెంచాతో వదులుగా నింపితే 125 లోపు. రెండు కప్పులకు వచ్చే తేడాయే బ్రెడ్‌ను ఇటుక చేయడానికి చాలు.

గుడ్డు వద్దనుకునేవాళ్లకు ఇది మంచి బ్రెడ్. గుమ్మడి గుజ్జే కొంత పట్టునిస్తుంది కాబట్టి గుడ్డు లేని లోటు కేకులోకన్నా తక్కువగా తెలుస్తుంది. ఒక్కో గుడ్డుకు ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడి, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు కలిపి పది నిమిషాలు వదిలితే జిగురు పడుతుంది. లేదా గుడ్డుకు పావు కప్పు పెరుగు వేసి పాలు తీసేయండి. అవిసెతో పట్టు బాగుంటుంది, పెరుగుతో మెత్తదనం. నేనైతే పెరుగు, ఎందుకంటే సోడాకు కావాల్సిన పులుపు కూడా దాంతోనే వచ్చేస్తుంది.

మసాలా మాటకొస్తే, రెడీమేడ్ పంప్‌కిన్ స్పైస్ కొనేకంటే దాల్చినచెక్క పొడి ఒకటిన్నర టీస్పూన్, శొంఠి పావు, జాజికాయ పావు కలుపుకుంటే సరి. లవంగం పొడి చిటికెడే. అర టీస్పూన్ వేస్తే పంటి నొప్పి మందులా ఉంటుంది.

కలపడం

ఇక్కడ ఎంపికంటూ ఏమీ లేదు. ఎలక్ట్రిక్ బీటర్ లోపల పెట్టేయండి. పొడిది తడిదాంట్లో వేశాక గరిటెతో అడుగు నుంచి పైకి పది పన్నెండు సార్లు మడిస్తే చాలు. పొడి పిండి కనిపించకుండా పోగానే ఆపాలి, చిన్న ఉండలున్నా ఫరవాలేదు. ఇంకా కలిపితే పిండిలోని సాగే ప్రోటీన్ (గ్లూటెన్) బలపడి, కోసిన ముక్కలో పైకి పాకే సొరంగాల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి, నములుతుంటే సాగుతుంది.

ఏ పాన్‌లో?

ఈ కొలత 21 బై 11 సెంటీమీటర్ల లోఫ్ పాన్‌కు (పొడవాటి బ్రెడ్ అచ్చు) సరిపోతుంది. 23 బై 13 పాన్‌లోనూ అవుతుంది, ఎత్తు తగ్గుతుంది, ఐదు పది నిమిషాలు ముందే ఉడుకుతుంది. చిన్న పాన్‌ను మూడొంతులకు మించి నింపొద్దు, మిగిలితే మఫిన్ కప్పుల్లో వేసుకోండి.

లేత రంగు అల్యూమినియం పాన్ ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. నల్లటి నాన్‌స్టిక్ పాన్ వేడిని ఎక్కువ లాగి, నడుమ ఉడికేలోపే పక్కలు ముదిరిపోయేలా చేస్తుంది. గాజు పాన్ నిదానంగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని ఓ పట్టాన వదలదు. ఈ రెండిట్లో ఏది వాడినా వేడి 15 డిగ్రీలు తగ్గించండి. గాజుదైతే బయటికి తీశాక కూడా బ్రెడ్ ఉడుకుతూనే ఉంటుంది, పది నిమిషాలకు మించి అందులో ఉంచొద్దు. సిలికాన్ పాన్ నాకు నచ్చలేదు. బ్రెడ్ సులువుగా ఊడి వస్తుంది కానీ పక్కలకు రంగు రాదు, నింపాక ఎత్తితే పొట్ట ఉబ్బుతుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 160 డిగ్రీలు పెట్టుకోండి.

టెన్షన్ పడేవాళ్లు, మొదటిసారి చేసేవాళ్లు లోఫ్ మానేసి మఫిన్లు చేయండి. ఇదే పిండి 12 మఫిన్లవుతుంది, 180 దగ్గర 20 నిమిషాల్లో తేలిపోతుంది, నడుమ పచ్చిగా ఉండిపోయే భయం లేదు. పైపెంకు ఎక్కువ వస్తుంది. కానీ మర్నాటికి త్వరగా ఆరిపోతాయి. మూడు రోజుల మెత్తదనం లోఫ్‌దే.

లోఫ్ 50 నిమిషాలప్పుడు మొదటిసారి చూడండి. పైన రంగు ముదురుతుంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. టూత్‌పిక్ గుచ్చి తీస్తే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు చెమ్మగిల్లిన పొడి రేణువులు అంటితే మంచిదే. ఒక్కోసారి టూత్‌పిక్ పైనున్న పగులులోంచి దిగి శుభ్రంగా వచ్చేస్తుంది, పక్కనే పిండి పచ్చిగా ఉంటుంది. అందుకే పుల్లకు బదులు థర్మామీటర్ కొనుక్కున్నాను. నడుమ 93 నుంచి 96 డిగ్రీల మధ్య చూపిస్తే తీసేయడమే.

పాన్‌లో పది పదిహేను నిమిషాలు, తర్వాత గాలి తగిలేలా జాలీ మీద పూర్తిగా చల్లారేదాకా. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై పైపెంకు జిడ్డుగా అవుతుంది. చల్లారాక గట్టిగా చుట్టి బయటే పెడితే మూడు రోజులు బాగుంటుంది. గది బాగా వేడిగా, ఉక్కగా ఉంటే అంతకన్నా ముందే తినేయాలి. ఫ్రిజ్‌లో పెడితే పాడవదు కానీ త్వరగా గట్టిపడుతుంది, వెన్న బ్రెడ్ అయితే మరీను. అంతకన్నా ఎక్కువ రోజులు ఉంచాలంటే ముక్కలు కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో వేయండి. రెండు నెలల దాకా ఉంటుంది. కావాల్సినప్పుడు ఒక ముక్క తీసి, కరిగేదాకా ఆగకుండా నేరుగా టోస్టర్‌లో పెట్టేయొచ్చు.